జానెడు నీళ్లు, మూరెడు కాళ్లు

సంగారెడ్డి జిల్లాలోని కోహీర్ నేల ఎర్రది. ఆ ఎరుపు అక్కడి జామతోటలకు పేరు తెచ్చింది. నీటిపిట్టలకు కావలసిన నీళ్లను దాచిపెట్టేదీ అదే. పైనున్నది లాటరైట్, ఒళ్లంతా బెజ్జాలున్న ఎర్రరాయి. దాని అడుగున, ఇంచుమించు ఆరున్నర కోట్ల ఏళ్ల కింద లావా పారి గట్టిపడిన దక్కన్ నల్లరాయి. రెండింటి నడుమ బంకమట్టి పొర. వాన నీళ్లు ఎర్రరాయిలోంచి సులువుగా దిగిపోతాయి, బంకమట్టి తగలగానే ఆగిపోతాయి. ఇక కిందికి దారి లేక పక్కకు మళ్లి, లోయ అంచున ఊటగా బయటపడతాయి. పొరుగున బీదర్‌లో యాత్రికులు వరుసకట్టే నానక్ ఝీరా ఊట కూడా ఇలాంటి రాళ్ల అతుకులోంచి వచ్చేదే. కోహీర్ దగ్గర పుట్టే నారింజ వాగు ఈ ఊటల బిడ్డ. జహీరాబాద్ మండలం కొత్తూరు దగ్గర ప్రాజెక్టులో కాసేపు ఆగి, సరిహద్దు దాటి, కర్ణాటకలో కారంజా అనే పేరుతో సాగి మంజీరలో కలుస్తుంది.

గోదావరి డెల్టాలో లాగా పడవలు తిరిగే కాల్వలు ఇక్కడ లేవు. ఇక్కడ కాల్వ అంటే చెరువు తూము కింది కాల్వ, మత్తడి దూకిన నీళ్లు పోయే ఒర్రె, ఊట పట్టుకుని వాగు దాకా పారే పాయ. వాటి గట్టు వెంబడి ఎడ్లబండి బాటో కాలిబాటో ఉంటుంది. పిట్టల్ని చూడాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి బడి లేదని నా నమ్మకం. పెద్ద జలాశయం ఒడ్డున నిలబడితే వేల పిట్టలు కనిపిస్తాయి, కానీ అన్నీ దూరంగా ఒకే నల్లటి గీతలా ఉంటాయి. కాల్వ గట్టున పిట్టలు తక్కువే. అయితే అవి లోతును బట్టి వరుసగా నిలబడి ఉంటాయి. తూము దగ్గర నడుము లోతు, కొంత దూరం పోతే మోకాలి లోతు, మడుల్లోకి చీలే చోట జానెడు, చివర బురద. నడుస్తూ పోతుంటే నీళ్లు పలచబడతాయి, ఆ పలచబడే నీళ్లతో పాటే పిట్టలూ మారిపోతాయి.

లోతు నీళ్లలో నిలబడి మేసే పిట్ట ఉండదు. అక్కడ ఈదేది, మునిగేది, పైనుంచి దూకేది మాత్రమే బతుకుతాయి. తూము దగ్గర చెరువు వైపు చూస్తే ఉండలాంటి బుడుబుంగ తేలుతూ ఉంటుంది. మనం కళ్లజోడు సర్దుకునేలోపు మాయమై ఇంకెక్కడో లేస్తుంది. దాని కాళ్లు ఒంటి మధ్యలో కాక దాదాపు తోక దగ్గర ఉంటాయి. పడవకు చుక్కాని, తెడ్డు రెండూ వెనకే బిగించినట్టు. నీటిలో దానంత చురుకైనది లేదు, నేల మీద నాలుగడుగులు వేయాలన్నా దానికి కష్టమే. బాతు వేళ్లను ఒకే తోలు కలిపి ఉంచుతుంది. బుడుబుంగకు మాత్రం ప్రతి వేలికీ విడివిడిగా రేకుల్లాంటి తమ్మెలు ఉంటాయి. కాలు వెనక్కి తన్నినప్పుడు అవి విచ్చుకుంటాయి, ముందుకు తెచ్చుకునేటప్పుడు ముడుచుకుంటాయి.

అదే చెరువులో నీటికాకి మునిగి లేచి, ఎండిన తుమ్మకొమ్మ మీద రెక్కలు చాపి కూర్చుంటుంది. దాని ఈకల అంచులు నీళ్లు పీలుస్తాయి, ఒంటికి ఆనుకున్న భాగం మాత్రం తడవదు. పైపొర తడిస్తే ఈకల్లో చిక్కుకున్న గాలి తగ్గుతుంది, తేలే గుణం తగ్గి మునగడం తేలికవుతుంది. ఆ లాభానికి చెల్లించే ధరే ఎండలో రెక్కలు ఆరబెట్టుకుంటూ గడిపే ఆ సమయం. ఫొటో తీసేవాళ్లు ఆ భంగిమ కోసం ఎదురుచూస్తారు. అందులో తప్పు లేదు. కానీ దగ్గరికి పోయి ఆ పిట్టను తడి రెక్కలతో లేపితే, దానికి ఇంకా దొరకని శక్తిని మనమే ఖర్చు చేయించినట్టు.

జానెడు నీళ్లకు వద్దాం. ఇక్కడి అసలు కథానాయిక పొడుగుకాళ్ల ఉల్లంకి. తెల్లటి ఒళ్లు, నల్లటి రెక్కలు, గులాబీ రంగు కాళ్లు. ఒంటి కొలతతో పోలిస్తే ఇంత పొడుగు కాళ్లు ఫ్లెమింగోను మినహాయిస్తే మరే పక్షికీ లేవు. కాళ్ల పొడుగు ఎంతో మెడ, ముక్కు కలిపి ఆ దూరం అందుకోవాలి, లేకపోతే నీళ్లలో నిలబడ్డా నోటికి ఏమీ రాదు. అందుకే వంగినప్పుడు దాని ఒళ్లు ముందుకు తూలుతుంది, తోక పైకి లేస్తుంది. ఆ క్షణంలో కాలు మధ్యలో వెనక్కి మడిచినట్టు కనిపించే కీలును మోకాలు అనుకుంటాం. అది మడమ. అసలు మోకాలు పొట్ట దగ్గరి ఈకల్లో దాగి ఉంటుంది. మనం పాదం అనుకునేది దాని వేళ్లు మాత్రమే. నీటిపిట్టలన్నీ జీవితాంతం మునివేళ్ల మీదే నిలబడతాయన్నమాట.

బురద అంచున ఇంకో రకం. చలికాలంలో ఇక్కడ తిరిగే అతి చిన్న ఉల్లంకులు పాతిక ముప్పై గ్రాముల బరువుంటాయి. అవి గుడ్లు పెట్టేది సైబీరియా ఉత్తరపు అంచున, ఆర్కిటిక్ గడ్డి నేలల్లో. అంత దూరం నుంచి వచ్చి అవి వెతికేది అంగుళం లోతు కూడా లేని తడిలో పురుగుల్నీ, వాటి పిల్లల్నీ. కాల్వలో నీళ్లు నాలుగు వేళ్లు పెరిగితే ఈ చిన్న పిట్ట ఆ చోటు ఖాళీ చేస్తుంది, పొడుగుకాళ్ల ఉల్లంకి వచ్చి నిలబడుతుంది. నీళ్లు తగ్గితే ఉల్లంకి ముందుకు జరుగుతుంది, దాని చోటు చిన్నది తీసుకుంటుంది. చెరువు శిఖంలో మాఘ, ఫాల్గుణ మాసాల్లో నీళ్లు వెనక్కి పోతుంటే, ఒడ్డు నుంచి మధ్యకు ఈ వరుస మొత్తం వారం వారం జరుగుతూ పోతుంది. ‘ఈ చెరువులో ఏం పిట్టలుంటాయి?’ అని ఎవరైనా అడిగితే, ‘ఈ వారం నీళ్లెంత?’ అని తిరిగి అడగాల్సిందే.

లోతు కాళ్లకే కాదు, కళ్లకూ పరీక్ష. గాజుగ్లాసులో నీళ్లు పోసి అడుగున రూపాయి బిళ్ల వేసి పైనుంచి చూడండి, బిళ్ల పైకి తేలినట్టు కనిపిస్తుంది. నీటిలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి వంగడం వల్ల, నిలువుగా చూసినా లోతు ముప్పావు వంతే అనిపిస్తుంది. అడుగు లోతున ఉన్న చేప తొమ్మిది అంగుళాల లోతున ఉన్నట్టు తోస్తుంది. ఏటవాలుగా చూస్తే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. గట్టున కూర్చుని ఏటవాలుగా ముక్కు విసిరే కొంగ, చేప కనిపించిన చోట పొడిస్తే ప్రతిసారీ గురి తప్పాలి. కానీ తప్పడం లేదు. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు గాడి కట్జిర్, నాథన్ ఇంట్రేటర్ 1987లో ప్రచురించిన పరిశోధనలో సముద్రతీరపు కొంగల్ని నీటిలోని ఎరతో పరీక్షించారు. కొంగ ఎర అసలు లోతుకూ, కనిపించే లోతుకూ మధ్య తేడాను దిద్దుకుని దెబ్బ తీస్తున్నట్టు తేలింది. దాడికి ముందు అది తల ముందుకూ వెనక్కూ జరిపి నిలదొక్కుకునేది ఆ లెక్క కుదిరే చోటు కోసమే కావచ్చు. ఈ సంగతి తెలిశాక మడి గట్టున కూర్చున్న గుడ్డికొంగను చూడండి. నిద్రపోతోందనుకున్న పిట్ట మెడ అంగుళం అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది.

నలుపు తెలుపు లకుముకి వేరే ఉపాయం పట్టింది. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, ముక్కును దాదాపు నిలువుగా కిందికి పెట్టి చూస్తుంది. నిలువు చూపులో చేప పక్కకు జరిగినట్టు కనిపించదు, లోతు తేడా ఒక్కటే మిగులుతుంది. రెక్కలు ఎంత వేగంగా కొట్టుకుంటున్నా, ఒళ్లెంత ఊగుతున్నా తల మాత్రం గాలిలో మేకు కొట్టినట్టు కదలకుండా ఉంటుంది. ఇది ఫొటోకు పెద్ద వరం. ముక్కూ కన్నూ స్పష్టంగా పడతాయి, రెక్కలు మసకబారినా బొమ్మకు అందమే.

కరెంటు తీగ మీద కూర్చునే తెల్లగొంతు లకుముకి ఇంతకన్నా తరచుగా కనిపిస్తుంది. అది నీళ్లకు కట్టుబడినది కాదు, మిడతలూ తొండలూ దొరికితే చేలోనే ఉండిపోతుంది. దాని వీపు నీలం చూసి మురిసిపోనివాళ్లుండరు. ఆ ఈకలో నీలం రంగు పదార్థం లేదు. ఈకల పోగుల్లో కెరాటిన్ సన్నని స్పంజిలా అల్లుకుని ఉంటుంది, ఆ అల్లికలోని ఖాళీల కొలత నీలి కాంతిని మాత్రం వెనక్కి చిమ్మేలా కుదిరింది. ఈకను మెత్తగా నూరితే నీలం పోతుంది. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట రెక్కల నీలమూ ఇలాంటిదే. కెమెరా పట్టుకున్నవాళ్లకు ఇందులో పనికొచ్చే పాఠం ఉంది. ఆ నీలం వెనక్కి చిమ్మే వెలుగు కాబట్టి సూర్యుడు మన వీపు వెనక ఉన్నప్పుడే నిండుగా వస్తుంది. ఎండకు ఎదురుగా తీస్తే అదే పిట్ట బూడిద ముద్ద.

పెద్ద ఎర్రకాళ్ల కొంగ అసలు కళ్లనే నమ్ముకోదు. మురికి నీళ్లలో సగం తెరిచిన ముక్కు ముంచి, అటూ ఇటూ తిప్పుతూ, ఒక కాలితో అడుగు కెలుకుతూ నడుస్తుంది. చేప ముక్కుకు తగలగానే మూసేస్తుంది. దాని దగ్గరి బంధువు, అమెరికా ఖండాల్లో ఉండే వుడ్ స్టార్క్ మీద 1963లో వెలువడిన పరిశోధనలో ముక్కు మూసుకునేందుకు పట్టిన సమయం 25 మిల్లీసెకన్లని తేలింది, అంటే సెకనులో నలభయ్యో వంతు. మన కనురెప్ప వాలి లేచే వ్యవధి దానికి కనీసం నాలుగింతలు. చేప పట్టిన క్షణం నాకు ఫొటోలో దొరకలేదని బాధపడేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి. కన్ను చూసి, వేలు నొక్కేలోపు అంతా అయిపోతుంది. ముక్కు నీటిలో ఉండగానే వరసగా తీస్తూ పోవాలి, షట్టర్ సెకనులో వెయ్యో వంతుకన్నా వేగంగా పెట్టుకోవాలి.

తెల్ల కొంగల ఫొటో తీయడం ఇంకో విద్య. కెమెరా వెలుగు కొలిచేటప్పుడు ఎదురుగా ఉన్నదంతా సగటున మధ్యరకం బూడిద రంగని అనుకుంటుంది. నల్లటి కాల్వ నీళ్లలో తెల్ల కొంగ నిలబడితే, తెరలో ఎక్కువ భాగం చీకటే కాబట్టి అది వెలుగు పెంచుతుంది, కొంగ మీది ఈకలన్నీ కలిసి సున్నం పూసిన గోడ అవుతాయి. అందుకని వెలుగును ఒక మెట్టు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, తగ్గించి తీయాలి. నీటి తళతళ కోసేందుకు పోలరైజర్ అద్దం వాడతారు. అది అన్ని కోణాల్లో ఒకేలా పనిచేయదు. చూపు నీటిమట్టానికి 37 డిగ్రీల ఏటవాలులో ఉన్నప్పుడే ఆ మెరుపు పూర్తిగా పోతుంది. పైగా ఆ అద్దం వెలుగులో సగానికి పైగా మింగేస్తుంది. అందుకే పొద్దున్నే, సాయంత్రం దాన్ని తీసి సంచిలో పెట్టుకోవడమే మేలు. గట్టు మీద నిలబడి కిందికి తీసిన బొమ్మలో పిట్ట వీపు, బురద తప్ప ఏమీ ఉండవు. గట్టు వాలులో కూర్చుని కెమెరాను నీటిమట్టానికి దించితే పిట్ట మనకు కళ్లెదురుగా నిలబడుతుంది.

తెల్ల కొంగ ఫొటో ఒకటి బాగా కుదిరిందనుకుందాం. ఏ కొంగ? ఇక్కడే కెమెరా కంటిని దాటిపోతుంది. బొమ్మను పెద్దది చేసి నోటి చీలిక ఎక్కడ ముగిసిందో చూడండి. అది కన్ను దాటి వెనక్కి పోయి ఆగితే పెద్ద తెల్లకొంగ. కంటి కిందే ఆగిపోతే మధ్యరకం. నల్ల ముక్కు, నల్ల కాళ్లు, పసుపు పాదాలు ఉంటే చిన్న తెల్లకొంగ. చిన్నది ఆ పసుపు పాదాన్ని నీటిలో వణికించి చేపల్ని లేపుతుంది. పశువుల వెంట తిరిగే కొంగ ముక్కు పొట్టిది, పసుపుది, జతకట్టే రోజుల్లో తలమీద, మెడమీద నారింజ రంగు వస్తుంది. ఊళ్లో అందరూ ‘కొంగలు’ అనే గుంపులో ఈ నాలుగూ కలిసి ఉండొచ్చు. గట్టున నిలబడి బైనాక్యులర్‌లో తేల్చలేనిది ఇంటికొచ్చి బొమ్మలో తేలుతుంది, తేలిన తర్వాతా సాక్ష్యంగా నిలుస్తుంది.

ఈ సాక్ష్యం అనే మాటకు దక్కన్‌లో పాత చరిత్ర ఉంది. 1931-32లో సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశారు, ఫలితాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భాగాలుగా వచ్చాయి. ఆ రోజుల్లో ఏ పక్షి ఉందో రుజువు చేయాలంటే తుపాకితో కొట్టి, తోలు ఒలిచి, దూదితో నింపి పెట్టెలో పెట్టాలి. ఆ తోళ్లే ఇవాళ్టికీ మనకు ఆధారం. ఇప్పుడు తేదీ, చోటు ఉన్న స్పష్టమైన ఫొటో ఆ పని చాలావరకు చేస్తుంది. మంగోలియాలో మెడపట్టీ కట్టి వదిలిన పట్టెతల బాతుల్ని దక్షిణ భారత చెరువుల దగ్గర ఫొటోల్లోని అంకెల ద్వారా గుర్తుపట్టారు. ఈ బాతులు చలికాలంలో మంజీర జలాశయానికీ వస్తాయి. హిమాలయాలు దాటేటప్పుడు వీటిని దాదాపు 7,290 మీటర్ల ఎత్తున నమోదు చేశారు. పగలు నీటి మీద సేదతీరి, పొద్దు వాలాక చేలల్లో మేతకు దిగే ఆ గుంపులో ఒక్క మెడ మీద పట్టీ ఉన్నా, దాన్ని చదవగలిగే బొమ్మ ఒక ఖండపు ప్రయాణాన్ని కాగితం మీద పెడుతుంది.

ఎంత దగ్గరికి పోవచ్చు? పిట్టే చెప్తుంది. ముందు మేత ఆపి మెడ నిటారుగా పెడుతుంది. తర్వాత మనకు దూరంగా నడవడం మొదలుపెడుతుంది. ఆ తర్వాతే లేస్తుంది. మెడ లేచిన దగ్గరే ఆగిపోవాలి. గట్టు మీద రైతు తలమీద గడ్డిమోపుతో పక్కనుంచే పోతాడు, కొంగ పట్టించుకోదు. మనం ఆగి, దానివైపే తిరిగి, కెమెరా ఎత్తగానే లేచిపోతుంది. ఆగి సూటిగా చూసే మనిషి దానికి వేటగాడు. కాబట్టి సూటిగా కాక పక్కకు వాలుగా నడవాలి, ముందే ఒకచోట కూర్చుని పిట్ట తనంత తాను దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. గట్టున తీతువు గొంతు చించుకుని చుట్టూ తిరుగుతుంటే మనం దాని గుడ్ల దగ్గర ఉన్నామని అర్థం. రాళ్ల రంగులో కలిసిపోయే ఆ గుడ్లు నేలమీదే ఉంటాయి. అక్కడ ఫొటో తీయకూడదు, వచ్చిన దారినే వెనక్కి పోవాలి. ఎండలో తల్లి లేచిన కొద్ది నిమిషాలు చాలు గుడ్లు ఉడికిపోవడానికి.

కోహీర్‌కు ఈశాన్యాన మంజీర మీద సింగూరు జలాశయం ఉంది. దాని దిగువన మంజీర బ్యారేజీ దాకా నది పాయలు, దీవులు కలిపి సుమారు 20 చదరపు కిలోమీటర్లు 1978 నుంచి అభయారణ్యం. మొసళ్లకూ, నీటిపిట్టలకూ పేరు. హైదరాబాద్ తాగే నీళ్లలోనూ దానికి వాటా ఉంది. ఆ సింగూరు నీటిని ఎత్తిపోసి జహీరాబాద్, నారాయణఖేడ్ మెట్టలకు తేవాలని సంగమేశ్వర, బసవేశ్వర పథకాలకు 2022 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. మెట్ట పైరుకు నీళ్లు రావాలని కోరుకోనివాళ్లెవరూ ఈ ప్రాంతంలో ఉండరు, నేనూ కోరుకుంటాను. కానీ కాల్వ ఎలాంటిదైతే పిట్ట అలాంటిది. రెండు వైపులా సిమెంటు పలకలు పరిచిన కాల్వలో ఒడ్డు ఏటవాలు, లోతు అంతటా ఒకటే. జానెడు నీళ్లు అనేదే ఉండదు. అక్కడ గట్టు మీద తోక ఆడించే కాటుకపిట్ట, తీగ మీద లకుముకి, తూము దగ్గర ఒంటరి గుడ్డికొంగ తప్ప మిగతావి నిలబడలేవు. నీరు వృథా కాకుండా సిమెంటు కావాలి, నిజమే. అయితే కాల్వ చివర మిగులు నీరు చేరే కుంటల్నీ, పాత ఒర్రెల్నీ, ఊట పాయల్నీ పూడ్చకుండా మట్టివిగా ఉంచితే, కాల్వలో దొరకని లోతులు పిట్టలకు అక్కడ దొరుకుతాయి. వాటి పటాలు ఊరి దగ్గర ఉండాలి, ఏ ఒర్రెలో ఏ నెలలో ఎన్ని నీళ్లు ఉంటాయో, ఏ పిట్టలు మేస్తాయో రాసి ఉండాలి. పనులు మొదలయ్యాక రాసేందుకు అక్కడ ఏమీ మిగలకపోవచ్చు.

ఆ రాతకు పెద్ద సామగ్రి అక్కర్లేదు. జనవరిలో ఆసియా అంతటా ఒకే రోజుల్లో జరిగే నీటిపక్షుల లెక్కింపు 1987లో మొదలైంది, మనం వెళ్లి ఒక చెరువు లెక్క ఇచ్చినా తీసుకుంటారు. 2002లో మొదలైన ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఏ రోజు పిట్టల జాబితా అయినా ఫోన్ నుంచే చేర్చవచ్చు. అక్కడ అన్నిటికన్నా విలువైనది అరుదైన పిట్ట కాదు, కనిపించిన ప్రతి పిట్టనూ అంకెతో రాసిన మామూలు జాబితా. గుడ్డికొంగలు పదిహేను, తీతువులు ఆరు, ఉల్లంకులు లేవు అని రాస్తే, ఆ ‘లేవు’ కూడా సమాచారమే. దాంతో పాటు ఒక ఫొటో తీసి పెట్టండి, పిట్టల కోసం కాదు, నీళ్ల కోసం. ప్రతిసారీ అదే చోట నిలబడి, తూము రాళ్లూ మెట్లూ తెరలోకి వచ్చేలా. ఎన్ని మెట్లు మునిగాయో లెక్కపెడితే ఆ రోజు లోతు తెలుస్తుంది, పక్కనే జాబితాలో ఆ లోతుకు ఎవరొచ్చారో ఉంటుంది.